పదో పుస్తకం దాటడం: నా అనుభవం

రాబర్ట్ జోర్డన్ ఫాంటసీ నవలల సిరీస్ 'ది వీల్ ఆఫ్ టైమ్' మొత్తం 14 పుస్తకాలు. అందులో పదోది, 2003లో వచ్చిన 'క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్' దగ్గర చాలామంది ఆగిపోతారని ముందే విన్నాను. కారణం చదవడం మొదలుపెట్టగానే అర్థమైంది. తొమ్మిదో పుస్తకం చివర్లో కథానాయకుడు రాండ్, మగవాళ్లు వాడే మాంత్రిక శక్తి అయిన సైడిన్‌కు పట్టిన విషాన్ని కడిగేస్తాడు. మూడు వేల ఏళ్లకు పైగా మగవాళ్లకు పిచ్చెక్కించిన విషం అది! తర్వాత ఏమవుతుందోనని ఆత్రంగా పదోది తెరిస్తే, కథ వెనక్కి వెళ్లి అదే సమయంలో మిగతావాళ్లు ఎక్కడున్నారో చెప్పడం మొదలుపెడుతుంది. రాండ్ కనిపించేది కొద్ది పేజీల్లోనే.

ప్రోలాగ్ పూర్తిచేయడమే పెద్ద పని. అక్కడే పేర్లు కలగాపులగమయ్యాయి. ఎవరు ఏ శిబిరంలో ఉన్నారో, ఎవరికి విధేయులో ఒక కాగితం మీద రాసుకున్నాను. అధ్యాయాలు మనిషి మనిషికీ విడివిడిగా గుంపులుగా వస్తాయి కాబట్టి, ఒక్కో గుంపును ఒక కథలా చదివి ఆపేదాన్ని. దాంతో 'ముందుకు కదలట్లేదే' అన్న టెన్షన్ తగ్గిపోయింది.

రాండ్ స్నేహితుడు మాట్, అతని వెంట ఉన్న సామ్రాజ్య వారసురాలు ట్యూఆన్‌ల భాగం హాయిగా సాగింది. యువరాణి ఎలేన్ సింహాసనం కోసం జరిపే మంతనాలకు మాత్రం చాలా ఓపిక కావాలి.

నన్ను కట్టిపడేసింది రాండ్ మరో స్నేహితుడు పెరిన్. భార్య ఫాయీల్‌ను షాయిడో అనే తెగవాళ్లు ఎత్తుకుపోయారు. ధాన్యం కొనడానికి సో హాబర్ అనే ఊరికి వెళ్తే అక్కడ గింజల నిండా పురుగులు, వీధుల్లో దయ్యాలు. ఆ దిగులు పేజీల కొద్దీ పేరుకుంటుంది. చివరికి నోరు విప్పని ఖైదీ చెయ్యి గొడ్డలితో నరికేస్తాడు. తర్వాత ఆ గొడ్డలిని విసిరి, చెట్టుకు దిగబడితే అక్కడే వదిలేసి వెళ్లిపోతాడు. ఆ ఆయుధాన్ని అసహ్యించుకోవడం మానేసిన రోజున దాన్ని పారెయ్యమని, తోడేళ్లతో తిరిగే ఎలియాస్ అతనికి మొదటి పుస్తకంలోనే చెప్పాడు. నేను చదవడం ఆపి కాసేపు అలాగే ఉండిపోయాను. ఇదే ఘట్టం వేగంగా సాగే పుస్తకంలో వచ్చుంటే ఇంత బరువు ఉండేది కాదు. అంతసేపూ అతని నిస్సహాయతలో మనల్నీ రచయిత కూర్చోబెట్టాడు కాబట్టే అది అంతగా తగులుతుంది.

ఆఖర్లో, టార్ వాలన్ నగరాన్ని ముట్టడించిన మాంత్రిక స్త్రీల నాయకురాలు ఎగ్వీన్, శిక్షణలో ఉన్న ఒక అమ్మాయిని (నోవిస్‌ను) పంపే బదులు తానే ఆ నగర రేవును మూసేలా దాని గొలుసును మంత్రశక్తితో మార్చడానికి వెళ్లి పట్టుబడుతుంది. 2000 నుంచి ఎదురుచూసి ఈ పుస్తకం కొన్నవాళ్లు, ఇక్కడి నుంచి ఏమైందో తెలియడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. వాళ్ల నిరాశ నాకు పూర్తిగా అర్థమవుతుంది. నా పక్కన పదకొండోది సిద్ధంగా ఉంది, వెంటనే తెరిచాను. ఇప్పుడు పదో పుస్తకంలో ఇరుక్కున్నవాళ్లుంటే, ఎలేన్ భాగాలు పైపైన చూసినా పరవాలేదు. పెరిన్ అధ్యాయాలు మాత్రం ఒక్కటి కూడా వదలకండి.