సబ్బులు అయిపోయాయి, షేరు మాత్రం కదల్లేదు

2020 మార్చి 23, సోమవారం. షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఆ ఒక్కరోజే 3,934 పాయింట్లు పడింది. మధ్యలో ముప్పావుగంట సేపు ట్రేడింగే ఆపేశారు. నేనప్పుడు రాజమండ్రిలో, నాన్న కిరాణా కొట్టులో సబ్బుల అట్టపెట్టెలు విప్పుతున్నాను. షట్టరు సగం దించి ఉంది, బయట కరోనా లాక్‌డౌన్ భయంతో జనం. పొద్దున దింపిన సబ్బులు, నూడుల్స్, బిస్కెట్లు మధ్యాహ్నానికల్లా లేవు. ఫోన్ తీసి చూస్తే మార్కెట్ మొత్తం ఎరుపు. లోకం ఆగిపోయినా జనం సబ్బు కొనడం మానరు కదా, మరి ఆ షేర్లే కొంటే పోలా అనిపించింది.

ఏప్రిల్ రెండో వారంలో, గడువు తీరిన డిపాజిట్ డబ్బు లక్షన్నర తీసి, సబ్బులు చేసే హిందుస్తాన్ యూనిలీవర్ షేర్లు కొన్నాను. షేరు 2,400 చిల్లర. ఇంకో కారణం కూడా ఉంది, చెప్పుకోవడానికి కాస్త సిగ్గే. ఆ నెల ఒకటో తారీఖునే హార్లిక్స్ వ్యాపారం ఆ కంపెనీలో కలిసింది. ధవళేశ్వరం హార్లిక్స్ ఫ్యాక్టరీని చూస్తూ పెరిగినవాణ్ణి, మన ఊరి ఫ్యాక్టరీలో నాకూ వాటా అని మురిసిపోయాను.

హైదరాబాద్‌లో ఉండే మా బావకి గొప్పగా ఫోన్ చేసి చెప్తే ఒక్కటే అడిగాడు: "లాభానికి ఎన్ని రెట్లు పెట్టావు?"

ప్రశ్నే అర్థం కాలేదు. తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఆ కంపెనీకి ఏడాదంతా కలిపి షేరుకి వచ్చే లాభం 31 రూపాయలు. నేను పెట్టింది 2,400. అంటే 70 రెట్ల పైమాటే. సబ్బు ఎప్పుడూ అమ్ముడుపోతుందన్న సంగతి నాకొక్కడికే తెలిసిందనుకున్నాను. అది అందరికీ తెలుసు, ఆ ధైర్యం ఖరీదు షేరు ధరలో ముందే కలిపేశారు. తప్పు కంపెనీది కాదు, నాది.

2021లో మార్కెట్ పరుగు తీసింది. పేరు తెలియని షేర్లు కూడా రెట్టింపయ్యాయి. నాది మాత్రం గొర్రె తోక, బెత్తెడు దాటలేదు. బావ మాట గుర్తుంచుకుని, ఈసారి అందరూ ఎగతాళి చేస్తున్న ఐటీసీ కొన్నాను, 200 చిల్లరకి. ఆశీర్వాద్ పిండి, సన్‌ఫీస్ట్ బిస్కెట్లు ఎంత కనిపించినా లాభంలో పెద్ద ముక్క సిగరెట్లదే. నాన్న కొట్టులో సిగరెట్లు పెట్టరు. నేను ఆ షేరు కొన్నానని ఆయనకి చాలాకాలం చెప్పలేదు. లాభానికి 20 రెట్ల లోపే దొరికింది, ఏటా కంపెనీ లాభంలోంచి పంచే డివిడెండ్ షేరుకి 10 రూపాయల పైన. 2023 జులైలో అది 450 పైన ఉంది. అప్పుడు చెప్పాను.

అసలు పాఠం మాత్రం కాటా మీద నేర్చుకున్నాను. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. నూనె రేటు అప్పటికే మండిపోతోంది. ఆ వేసవిలో ఓరోజు నాన్న ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు రెండు, ఒకటి పాత స్టాకు, ఒకటి కొత్తది, చెరో పళ్లెంలో పెట్టారు. కొత్తది పైకి లేచింది. "రేటు పెంచలేదంటార్రా వీళ్లు!" అన్నారు. అప్పటిదాకా కంపెనీ మూడు నెలల లెక్కల్లో, అదే రిజల్ట్స్‌లో, అమ్మకాలు ఇన్ని కోట్లు పెరిగాయంటే సంబరపడేవాణ్ణి. రేటు పెంచినా, బరువు కోసినా కోట్లు పెరుగుతాయి. నిజంగా ఎక్కువ సరుకు పోయిందా లేదా అన్నది వాల్యూమ్ గ్రోత్ అనే ఒక్క లైన్‌లో ఉంటుంది. మూడు నెలలకోసారి ముందు ఆ లైనే వెతుకుతాను.

2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు. సెన్సెక్స్ 4,389 పాయింట్లు కూలింది. మిత్రుల గ్రూపులో ఒకటే ఏడుపు. హిందుస్తాన్ యూనిలీవర్ మాత్రం ఆరోజు 5 శాతం పైన పెరిగింది. ఇలాంటి షేర్లు చేసే మేలు ఇదేనని నా అభిప్రాయం. గొప్ప లాభం ఇస్తాయని కాదు, అలాంటి రోజున చేతులు వణికి అన్నీ అమ్మేయకుండా ఆపుతాయి. ఆ సెప్టెంబర్‌లో అది 3,000 దాటింది. అమ్మి ఉండాల్సింది. ఆశ పోయాను. అక్టోబర్‌లో రిజల్ట్స్ వచ్చాక పట్నాల్లో గిరాకీ మందగించిందని తేలింది, షేరు జారింది. 2025 మార్చికి, అంటే ఐదేళ్లకి, నేను కొన్న ధరకన్నా కిందే ఉంది. 2020 మార్చి 23న 7,610 దగ్గర ముగిసిన నిఫ్టీ, అంటే మార్కెట్ మరో సూచీ, అప్పటికి 22,000 దాటింది.

2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, బిస్కెట్ల మీద జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి నాన్న ఆర్డర్లు ఆపేశారు. పాత రేటు సరుకు ఎవరు మోస్తారు? సేల్స్‌మన్ వచ్చి టీ తాగి వెళ్లిపోయేవాడు. ఆ మూడు నెలల కంపెనీ లెక్కలు బాగుండవని బావకి నేనే ముందుగా చెప్పాను. "ఇప్పుడు కొట్టు పనికొచ్చింది నీకు" అన్నాడు.

హిందుస్తాన్ యూనిలీవర్ సగం అమ్మేశాను. మిగతా సగం ధవళేశ్వరం మురిపెం. దాని జోలికి పోవట్లేదు.