గాజువాక యార్డు నుంచి ఐఎస్‌బీకి: నా అప్లికేషన్ అనుభవం

గాజువాక వైపు ఒక కంటైనర్ యార్డులో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ చూస్తాను. ఎక్కువగా రొయ్యల సరుకే. మైనస్ 18 డిగ్రీల్లో రీఫర్ కంటైనర్లు, అంటే ఫ్రిజ్ లాంటి కంటైనర్లు, వస్తాయి. షిప్పింగ్ బిల్లు, హెల్త్ సర్టిఫికెట్, ఇన్‌వాయిస్ అన్నీ సరిపోయి, కటాఫ్ లోపు పోర్టు గేటు దాటాలి. దాటకపోతే ఆ ఓడ తప్పినట్టే. బీటెక్‌లో 64 శాతం, పెద్దగా పేరు లేని కాలేజీ. ఈ సరంజామాతోనే హైదరాబాద్ ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్)లో ఎంబీఏ లాంటి ఏడాది కోర్సు పీజీపీకి అప్లై చేశాను.

ఇలాంటి కోర్సులకు రాసే ప్రవేశ పరీక్ష జీమ్యాట్ గురించి ఎక్కువ చెప్పను. "ఏడొందలు దాటాలి" అని ఇప్పటికీ అందరూ అంటూనే ఉన్నారు. 2023 చివర్లో పరీక్షే మారిపోయింది. క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ ఒక్కొక్కటి 45 నిమిషాలు, స్కోరు 205 నుంచి 805 వరకు. అన్నీ 5తోనే ముగుస్తాయి కాబట్టి 700 అన్న స్కోరే ఇందులో రాదు. నాకు 655 వచ్చింది. మళ్లీ రాసి ఇంకో ఇరవై పాయింట్లు పెంచుకునే బదులు ఆ సాయంత్రాలు మిగతా అప్లికేషన్ మీద పెడదామనుకున్నాను.

ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీకి కూడా వెళ్లాను. "ఎస్సేలు మేం చూసుకుంటాం మేడం. సోషల్ వర్క్ ఏమీ లేదా? ఎన్జీవో సర్టిఫికెట్ ఇప్పిస్తాం, అదీ ప్యాకేజీలోనే" అన్నారు. ఒక దణ్ణం పెట్టి బయటికొచ్చేశాను. రేపు ఇంటర్వ్యూలో "ఆ పిల్లలకు ఏం నేర్పారు?" అని ఒక్క ప్రశ్న వేస్తే నా మొహమే చెప్పేస్తుంది. అప్లికేషన్‌లో సోషల్ వర్క్ గడి ఖాళీగానే పంపాను.

ఎస్సే మొదలుపెట్టే ముందు ఆఫీసులో పాత మెయిళ్లు తవ్వాను. ఓడ తప్పిన కంటైనర్లన్నీ ఒక షీట్‌లో పెట్టి, పక్కన కారణం రాసుకుంటూ పోయాను. లారీ లేటు, ట్రాఫిక్ అని మేమందరం అనుకునేవాళ్లం. తీరా చూస్తే సగానికి సగం కాగితాల తేడాలే: ఇన్‌వాయిస్‌లో నికర బరువు ఒకటి, హెల్త్ సర్టిఫికెట్‌లో ఇంకొకటి. అంతకుముందు ఏడాదే ఒక అలవాటు పెట్టాను. కటాఫ్‌కు ముందురోజు మధ్యాహ్నమే ఫ్యాక్టరీ నుంచి కాగితాల ఫొటోలు తెప్పించుకుని అంకెలు సరిచూడటం. దాని తర్వాత ఓడ తప్పడం బాగా తగ్గిందని ఆ షీట్ చూశాకే గట్టిగా చెప్పగలిగాను. ఎస్సేలో ఇదొక్కటే రాశాను. భీమవరంలో పెళ్లిలో ఉన్న ఫ్యాక్టరీ అకౌంటెంట్‌ని భోజనాల దగ్గర్నుంచి లేపి, ఫోన్‌లోనే ఇన్‌వాయిస్ మార్పించిన శుక్రవారంతో సహా. లీడర్‌షిప్ అన్న మాట ఎక్కడా వాడలేదు.

అసలు టెన్షన్ సిఫారసు లేఖ దగ్గర. ఐఎస్‌బీకి ఒకటే లేఖ కావాలి, లింకు నేరుగా రాసేవాళ్ల మెయిల్‌కే వెళ్తుంది. మా డైరెక్టర్ గారి చేత రాయిస్తే బరువుంటుందని ఇంట్లోవాళ్లు అన్నారు. ఆయనకు నా పేరు తెలుసు, నా పని తెలియదు. అందుకే మా మేనేజర్ గారినే అడిగాను. శ్రీకాకుళం మనిషి. "నాకీ ఇంగ్లీషు ఎస్సేలేటమ్మా! నీకేం కావాలో నువ్వే రాసుకుని పట్రా, పంపించెస్తాను" అన్నారు.

చాలామంది ఇక్కడ సరేనంటారు. నేను మాత్రం నేను చేసిన పనుల చిట్టా ఒక పేజీ ప్రింటు తీసి, టీ టైములో ఆయన ముందు పెట్టాను. "మీకు గుర్తున్నవే తెలుగులో చెప్పండి సార్, తర్వాత మీ మాటల్లోనే మీరే టైపు చెయ్యండి" అన్నాను. చిట్టా పక్కన పెట్టేసి, నేను మర్చిపోయిన సంగతి ఎత్తారు: తుఫాను హెచ్చరికప్పుడు రాత్రి యార్డులో ఉండి, కరెంటు పోయిన రీఫర్లను జనరేటర్‌కు ఏ వరసలో కలపాలో నేను చెప్పడం. దాని వెంటనే "కానీ ఎవర్నీ సాయం అడగవమ్మా, అన్నీ నెత్తినేసుకుంటావు. అదీ రాస్తాను" అన్నారు. ఒక్క క్షణం గుండె గుభేలుమంది. రాయొద్దని మాత్రం అనలేదు. పొగడ్తలే నిండిన లేఖను నేనైనా నమ్మను.

ఇంటర్వ్యూలో మార్కుల గురించి ఒక్క మాట అడిగి వదిలేశారు. ఎక్కువసేపు రొయ్యల మీదే నడిచింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది కదా, మీ యార్డులో ఏం మారిందన్నారు. అమెరికా బుకింగులు తగ్గిన సంగతి, ఎగుమతిదారులు యూరప్, చైనా వైపు చూస్తుంటే ఒక్కో దేశానికి ఒక్కో రకం కాగితాలతో కాగితాలు సరిచూసే మా చెకింగ్ షీట్‌ను మళ్లీ రాసుకోవాల్సి వచ్చిన సంగతి చెప్పాను. "మీ బలహీనత?" అన్నప్పుడు మేనేజర్ గారి మాటే చెప్పి, ఇప్పుడా షీట్‌ను ఇద్దరు జూనియర్లు నడుపుతున్నారని కలిపాను.

సీటు వచ్చింది, హైదరాబాద్ క్యాంపస్. ఫీజు చూసి నాన్న కాసేపు మాట్లాడలేదు. ఎడ్యుకేషన్ లోన్ కోసం బ్యాంకులో ఫైలు పెట్టాం. మేనేజర్ గారేమో నా రాజీనామా ఇంకా ముందుకు పంపలేదు.