ఫ్యాక్టరీ స్లొవాక్: ఇంగ్లిష్ మీదుగా కాదు, తెలుగు మీదుగా

స్లొవాకియాలోని నిత్ర, ఝిలిన, త్ర్నవ చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో పనికి వచ్చే మనవాళ్లు ఫోన్లో యాప్ పెట్టుకుని ఇంగ్లిష్ లిపి చూస్తూ స్లొవాక్ బట్టీ పడతారు. అక్కడే సగం చెడుతుంది. పగటి నమస్కారాన్ని "డోబ్రీ డెన్" అని డ, ట లతో పలికితే ఎదుటివాడికి వినిపించేది ఇండియన్ ఇంగ్లిషే. స్లొవాక్‌లో ఆ ధ్వనులు మన ద, త లకే దగ్గర. దొబ్రీ ద్యెన్ అనాలి. హ్రస్వ దీర్ఘాలు కూడా మనలాగే కచ్చితం. పస్ అంటే పాస్‌పోర్టు, పాస్ అంటే బెల్టు. "పాస్ స్తొయీ" అని కేక వినిపిస్తే కన్వేయర్ ఆగిందని అర్థం. నొక్కి పలకడం మాత్రం ఎప్పుడూ మొదటి అక్షరం మీదే.

ఇంకో వరం, "చాప"లోని ౘ. స్లొవాక్‌కి ౘ వేరు, "చెట్టు"లోని చ వేరు. రెండూ మన నోట్లో ఉన్నవే, కాకపోతే మన నాలుక అచ్చును బట్టి తనే మార్చేస్తుంది. అ, ఒ ముందు ౘ వస్తుంది, ఇ, ఎ ముందు చ వస్తుంది. అందుకే ధర అనే ౘెన మన నోట చెన అవుతుంది, ఏమిటి అనే చొ కాస్తా ౘొ అవుతుంది. కొషిౘె వైపు తూర్పు పల్లెల్లో నిజంగానే ౘొ అంటారు కాబట్టి అక్కడ ఎవరూ నవ్వరు. బ్రతిస్లావలో నవ్వుతారు. మనకు లేని ధ్వని ఒకటుంది, ష పలుకుతూ గొంతు కలిపితే వచ్చేది. ఇక్కడ దాన్ని ఝ అని రాశాం.

పదం చివర "ఉ" చేర్చే అలవాటు మానుకోవాలి. మనకు బస్సు అన్నా బస్ అన్నా ఒకటే. వాళ్లకి అవుతొబుస్ అంటే బస్సు, అవుతొబుసు అంటే బస్సు యొక్క. ఆ "ఉ" వాళ్లకి విభక్తి.

నువ్వు, మీరు తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. తి అంటే నువ్వు, వి అంటే మీరు. క్రియ చివర మన "అండి" లాగా వాళ్లకి "త్యె" వస్తుంది. పొచ్కయ్ అంటే ఆగు, పొచ్కయ్‌త్యె అంటే ఆగండి. పలకరింపుగా అనే అహొయ్ ఒకరికి, అహొయ్‌త్యె నలుగురికి. తేడా ఎక్కడంటే, లైన్ మీద పనిచేసే తోటివాళ్ల మధ్య మొదటి రోజు నుంచే "తి" నడుస్తుంది. యాభై ఏళ్లాయన కదా అని మర్యాదకు "వి" అంటూ పోతే దూరం పెడుతున్నట్టు ఉంటుంది. ఫోర్‌మన్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. "తి" అనుకుందామని వయసులో, హోదాలో పెద్దవాళ్లే ముందు అడగాలి, ఆడవాళ్లూ మగవాళ్లూ అయితే ఆడవాళ్లు అడగాలి. పేరు చెప్పి చెయ్యి చాచారంటే అడిగినట్టే. ఆ తర్వాత మళ్లీ "వి"లోకి వెళితే కోపం వచ్చిందనుకుంటారు. వీసా కాగితాలు చూసే విదేశీయుల పోలీసు కౌంటర్లో, డాక్టరు దగ్గర, దుకాణంలో ఎప్పుడూ "వి", "దొబ్రీ ద్యెన్" మాత్రమే. అక్కడ అహొయ్ అంటే "ఏరా" అన్నట్టే.

అన్నిటికంటే ప్రమాదం "నొ". స్లొవాక్‌లో నొ అంటే ఊఁ, అవును. లైన్ మీద తోటివాడు "హొతొవొ?" అంటే పని అయిపోయిందా అని. మీరు కాలేదనే అర్థంలో ఇంగ్లిష్ నో అంటే అతను అయిందనుకుని మెషిన్ ఆన్ చేస్తాడు. కాదు అనడానికి "నియె" అనండి. అవును అనడానికి "హెయ్" వాడుక, ఆనొ కాస్త లాంఛనం. మనవాళ్ల తల అటూ ఇటూ ఊపడానికి కూడా అక్కడ "అవును" అనే అర్థం లేదు. నిలువుగా ఊపండి, లేదా నోటితో చెప్పండి.

లైన్ మీద రోజంతా పనికొచ్చేవి కొన్నే. సాయం అడిగే ముందు "ప్రొసీమ్ త్య" అంటే కాస్త అన్నట్టు. వినబడకపోతే ఒట్టి "ప్రొసీమ్?" చాలు. పనిచేయకపోతే "న్యెయ్ద్యె తొ", మరలు అయిపోతే "దొష్లి స్క్రుత్కి", మళ్లీ, మెల్లగా చెప్పమనడానికి "ఎష్త్యె రస్, పొమలి". "పొజొర్!" (జాగ్రత్త) అని అరిస్తే ముందు పక్కకి జరగండి, అర్థం తర్వాత ఆలోచించవచ్చు. ఎలా ఉన్నావ్ అనే "అకొ స మాష్?"కి "ఫయ్న్" బాగానే ఉంటుంది, కానీ "ఉయ్ద్యె తొ", అంటే ఏదో నడుస్తోంది అంటే మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. క్యాంటీన్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లకీ "దొబ్రూ ఖుత్" అంటారు, హాయిగా తినండి అని. బదులు "పొదొబ్న్యె", మీకూ అని.

మన క్రియలో "చేశాను" అంటే ఆడా మగా తేడా ఉండదు. వాళ్లకి మగవాడు "రొబిల్ సొమ్", ఆడది "రొబిల సొమ్". పక్క లైన్లో ఆవిడ దగ్గర విని నేర్చుకున్న కుర్రాళ్లు ఆమె మాటే తిరిగి చెప్పి అందరినీ నవ్విస్తారు.

టైము దగ్గర మాత్రం మన అలవాటే తప్పుదారి పట్టిస్తుంది. "పొల్ షియెస్తెయ్" అంటే ఆరో గంటలో సగం, అంటే 5:30. మనం ఆరున్నర అనుకుంటే కంపెనీ బస్సు గంట ముందే వెళ్లిపోతుంది. "ష్త్వృత్ న షెస్త్" 5:15, "త్రిష్త్వృత్యె న షెస్త్" 5:45. అలాగే "ఒ యెద్నెయ్" ఒంటిగంటకి, "ఒ హొదిను" ఇంకో గంటలో. సందేహం వస్తే ఫోన్లో అంకెలు చూపించి అడగండి, ఎవరూ తప్పుపట్టరు.

దుకాణంలో మాంసం, చీజ్ కోయించుకునేటప్పుడు కొలత దెక, అంటే 10 గ్రాములు. 200 గ్రాములు కావాలంటే ద్వౘత్ దెక అడగాలి. దెక అంటే గ్రామని పొరబడి రెండొందల దెక అడిగితే రెండు కిలోలు కోసి పెడతారు.

గలంత, కొమార్నొ, దునయ్‌స్కా స్త్రెద వైపు ఉద్యోగమైతే ముందే తెలుసుకోండి, అక్కడ చాలామంది ఇంట్లో మాట్లాడేది హంగేరియన్. లైన్ మీద మాటలు ఒక్క ముక్కా అర్థం కాకపోతే మీ స్లొవాక్ తప్పేమీ కాదు. మీరు స్లొవాక్‌లో అడిగితే వాళ్లు స్లొవాక్‌లోనే జవాబిస్తారు.