ఐ7 అని చూసి మోసపోబోయాను

"ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, గేమింగ్ పీసీ." ప్రకటన నిండా రంగురంగుల లైట్లు. ధర నా బడ్జెట్‌లోనే ఉంది. డబ్బు కట్టేసేవాణ్ణే, ఎందుకో మోడల్ నంబర్లు అడిగాను. ఇంటెల్ ప్రాసెసర్ ఐ7-2600 అట. అంటే 2011 నాటిది. గ్రాఫిక్స్ కార్డేమో జీటీ 730, బాగా బలహీనమైనది. దానికి 4 జీబీ మెమరీ ఉంటే ఏం లాభం, గేమ్స్‌ని లాగే సత్తా చిప్‌లో ఉండాలి కదా!

ఆ రోజు నుంచి ఐ5, ఐ7 అన్న మాటలు పట్టించుకోవడం మానేసి, గీత తర్వాతి అంకె చూడటం మొదలుపెట్టాను. 2600 అంటే రెండో తరం, 8500 అంటే ఎనిమిదో తరం. విండోస్ 11కి ఇంటెల్‌లో, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, అధికారికంగా కనీసం ఎనిమిదో తరం కావాలి. అందుకే ఐ5-8500 ఉన్న పాత ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి తీసుకున్నాను. ఆరు కోర్లు, అంటే ఒకేసారి పని పంచుకునే ఆరు భాగాలు, నా అవసరానికి ఎక్కువే.

అసలు తలనొప్పి దానికి గ్రాఫిక్స్ కార్డు బిగించే దగ్గర వచ్చింది. మూత తీసి చూస్తే పవర్ సప్లై నుంచి కార్డుకు వెళ్లే వైరే లేదు. పోనీ సప్లై మారుద్దామంటే మదర్‌బోర్డుకు, అంటే అన్నీ బిగించే ప్రధాన బోర్డుకు పెట్టే ప్లగ్గు మామూలుది కాదు, ఆ కంపెనీ సొంతది. ఇక మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు వెతుక్కోవాలి. జీటీఎక్స్ 1650 సరిపోతుంది, కానీ అదే పేరుతో విడిగా పవర్ ప్లగ్గు అడిగేవి కూడా ఉన్నాయి. ఫొటోలో కార్డు అంచు మీద ఆరు పిన్నుల సాకెట్ లేదని రెండుసార్లు చూసుకున్నాకే ఆర్డర్ పెట్టాను. నాది టవర్ డబ్బా కాబట్టి మామూలు ఎత్తు కార్డే పట్టింది. సన్న డబ్బా అయితే పొట్టి కార్డు వెతకాల్సి వచ్చేది.

బిగించి ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. అరగంట టెన్షన్. కార్డు పోయిందనుకుని తిరిగి దాని అట్టపెట్టెలో పెట్టబోతుంటే వెనక కేబుల్ కనిపించింది. అలవాటుగా మదర్‌బోర్డు పోర్టుకే గుచ్చాను! తీసి కార్డుకు పెట్టగానే బొమ్మ వచ్చింది. నన్ను నేను తిట్టుకోవడం తప్ప ఏం చేయను?

గేమ్ మొదలైంది గానీ మధ్యమధ్యలో గతుకుల రోడ్డు మీద బండిలా కుదుపులు. లోపల 8 జీబీ ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంది. అలాంటిదే ఇంకోటి కొని జత చేశాక ఆ కుదుపులు చాలావరకు పోయాయి. మెమరీ పెరగడం వల్లనా, రెండు స్టిక్‌లూ కలిసి పనిచేసే డ్యూయల్ చానల్ వల్లనా అంటే రెండూ ఒకేసారి జరిగాయి, విడదీసి చెప్పలేను.

ఇప్పుడు తేలికపాటి షూటర్ గేముల్లో సెకనుకు వంద ఫ్రేములు, అంటే వంద బొమ్మలు దాటుతున్నాయి. నా పాత మానిటర్ మాత్రం 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 బొమ్మల దగ్గరే ఆగిపోయింది. దాని సంగతి వచ్చే నెల చూడాలి.