బాపుతో వైజాగ్

వరంగల్‌లో రాత్రి రైలెక్కి, పొద్దున వైజాగ్‌లో దిగాం. అరవై ఏడేళ్ళ మా బాపు సముద్రం చూడటం ఇదే మొదటిసారి. ఆర్కే బీచ్‌లో ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చెప్పులు చేత పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేనూ కదిలించలేదు.

అక్కడే ఒడ్డున కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది. మరుసటి ఏడాది నుంచి మ్యూజియం. 91 మీటర్ల పొడవున్నా లోపల దారి మాత్రం ఇరుకు. గుండ్రటి ద్వారాల్లోంచి ముందు కాలు పెట్టి, తల వంచి దూరాలి. బాపుకు మోకాళ్ళ నొప్పులు, నాకేమో టెన్షన్. గైడ్‌గా ఉన్న మాజీ నావికుడు "మెల్లగా రండి పెద్దాయనా" అంటూ చెయ్యి అందించాడు. ఎంత ఓపికో ఆయనకు!

టార్పెడోల పక్కనే నావికుల పడకలు. బాపు ఒకదాని అంచు తడిమి, "గీడనే పండుకునేటోళ్ళా బిడ్డా? పొద్దు పొడిచింది ఎట్ల తెలుస్తది?" అన్నాడు. నా గొంతు పట్టేసింది.

బయటికొచ్చి మురీ మిక్చర్ కొనుక్కున్నాం. నిమ్మరసం బాగా పిండి ఇచ్చారు. పొట్లం సగం కాకముందే బాపు మళ్ళీ నీళ్ళవైపు నడిచాడు.