బిడ్డ ఏడ్చాక మొదలయ్యే పని

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు పురుడు పోసేవాళ్లను పనితనం గురించి అడిగితే ముందుగా ఎన్ని కాన్పులు చేశారో చెబుతారు. ఆ లెక్క గౌరవించదగ్గదే. కానీ నేర్పు తేలేది బిడ్డ ఏడ్చాకే. ఇంటివాళ్లంతా బిడ్డ చుట్టూ మూగే ఆ కాసేపట్లోనే రక్తం ఎక్కువగా పోయి తల్లికి గండం.

కడుపులో రెండో బిడ్డ లేదని చేత్తో చూసుకుని, నిమిషంలోపు కండకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ (గర్భసంచిని ముడుచుకునేలా చేసే మందు) ఇవ్వాలి. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎండాకాలం ట్రేలోనే వదిలేస్తే బలం తగ్గిపోతుంది. సూది వేశామన్న ధైర్యం మనకుంటుంది, గర్భసంచి మాత్రం మెత్తగానే ఉండిపోతుంది.

మాయ కోసం బొడ్డుతాడు లాగేటప్పుడు ఒక చెయ్యి పొత్తికడుపు కింద, ఎముకకు కాస్త పైన ఆనించి గర్భసంచిని పైకి ఆపి ఉంచాలి. నొప్పి వచ్చినప్పుడే రెండో చేత్తో నిదానంగా లాగాలి. ఆపే చెయ్యి లేకుండా లాగితే తాడు తెగొచ్చు, గర్భసంచే తిరగబడి బయటికి రావచ్చు.

మాయ పడ్డాక బొడ్డు దగ్గర తడిమితే గర్భసంచి గట్టి బంతిలా తగలాలి. నానిన పిండిలా ఉంటే వెంటనే మర్దన చెయ్యాలి. గట్టిపడినట్టే పడి, చెయ్యి తీయగానే మెత్తబడుతోందా? బొడ్డు దాటి పైకెక్కి ఓ పక్కకి ఒరిగిందా? అయితే ముందు మూత్రసంచి సంగతి చూడండి. అది నిండి ఉంటే గర్భసంచి ముడుచుకోలేదు. ఒడియా తల్లిని 'పరిస్రా' (మూత్రం) అనే అడగాలి, మన మాటకు ఊరికే తలూపేస్తుంది. మొదటి 2 గంటలూ ప్రతి 15 నిమిషాలకూ ఆ చెయ్యి అక్కడికి వెళ్లాలి.

మాయను బల్లపరుపుగా పరిచి, తల్లి వైపు ముక్కలన్నీ దగ్గరికి చేర్చి చూడండి. మధ్యలో ఖాళీ కనిపిస్తే ఓ ముక్క లోపలే మిగిలింది. రక్తం ఆగకపోవడానికి అదొక్కటి చాలు.

పోయిన రక్తాన్ని కన్ను ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తుంది. అరలీటరు నీళ్లలో ఎర్రరంగు కలిపి పాతచీర మీద పోసి, ఎంత మేర తడిసిందో చూడండి. 500 మిల్లీలీటర్లంటే ఇంతా అని బుర్రలో బొమ్మ పడుతుంది. నెలకోసారి ఇలా చేసేవాళ్లు ప్రమాదాన్ని తొందరగా పసిగడతారు.

పాతకాలం మంత్రసానుల్లో వేళ్లతోనే బిడ్డ తల ఎటుందో చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. స్కాన్ వచ్చాక ఆ తడిమే అలవాటు మనలో తగ్గుతోంది, అది నష్టమే. కాన్పు తొందర చెయ్యాలని పొట్ట నొక్కడం, బొడ్డుకు బూడిద రాయడం మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవద్దు. తడమడం నేర్పాలంటే కొత్తమ్మాయి చేత ముందు పొట్ట తడిమించి, ఏం తగిలిందో పైకి చెప్పించాలి. ఆ తర్వాతే పెద్ద సిస్టర్ చెయ్యి వెయ్యాలి. ముందే చెప్పేస్తే ఆ పిల్ల వేళ్లకు ఏమీ అబ్బదు.

కాన్పుల పుస్తకంలో పైఆసుపత్రికి పంపినవాళ్లనీ రాయండి, ఏ గుర్తు చూసి, ఎన్ని గంటలకు పంపారో సహా.