యూసుఫ్ కథ సరిపోని రోజు

శుక్రవారం మధ్యాహ్నం జొహర్ నమాజ్ కాగానే నెల్లూరు కోటమిట్టలో ఆటో ఎక్కుతాను. జైలు గేటు దగ్గర రిజిస్టర్లో పేరు, టైము రాసి, ‘వచ్చిన పని’ అన్న గడిలో ‘మత బోధన’ అని రాస్తాను. ఫోను అక్కడే పెట్టాలి. మొదటి వారం మహిళా వార్డరు నా స్కార్ఫుకున్న నాలుగు పిన్నులూ తీయించింది. అప్పటినుంచి పిన్ను లేకుండా చుట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇది ఉద్యోగం కాదు, జీతమూ లేదు. అనుమతి కాగితం ఒకటి ఉంది, అంతే. లోపల ముస్లిం ఆడవాళ్లు ఎప్పుడూ ఐదారుగురికి మించరు గానీ, చాప పరిచేసరికి మిగతావాళ్లూ వచ్చి కూర్చుంటారు. అందరికీ నేను ఆపానే, అంటే అక్కనే.

ఏ కేసని ఎవర్నీ అడగను. ములాఖత్‌కి ఎవరొచ్చారనీ అడగను. మొగుడు లోపలుంటే పెళ్లాం బిడ్డను చంకనేసుకుని వారం వారం వస్తుంది. పెళ్లాం లోపలుంటే వచ్చేది ఆమె తల్లే, అదీ బస్సు చార్జీకి డబ్బులుంటే. ఇన్నేళ్లలో నేను చూసింది ఇదే.

మొదట్లో నా దగ్గర ఒక్కటే కథ ఉండేది, ప్రవక్త యూసుఫ్ అలైహిస్సలాం (ఆయనకు శాంతి కలుగుగాక) కథ. చేయని తప్పుకు జైలుకెళ్లి ఏళ్లు గడిపిన మనిషి. ఖురాన్‌లో 12వ సూరా, అంటే అధ్యాయం, ఆయన పేరుమీదే ఉంది, 111 ఆయతులు (వాక్యాలు). జైల్లో చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ ఏముంటుందనుకున్నాను. వింటూ వింటూ చాలామంది కళ్లు తుడుచుకునేవాళ్లు.

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒకామె మాత్రం తల ఎత్తేది కాదు. (రాసుకో ఆపా అని ఆమె చెప్పినాకే ఇది రాస్తున్నాను. ఊరూ పేరూ రాయను.) పొగాకు గ్రేడింగుకు పోయే మనిషి. వచ్చిన కొత్తలో వేళ్ల కొసలు ఆకు మరకతో గోధుమరంగులో ఉండేవి. నాలుగో వారమో ఐదో వారమో, నేను చాప చుడుతుంటే దగ్గరికొచ్చింది.

“ఆ యూసుఫ్ ఏ తప్పూ చెయ్యలేదు కదా ఆపా. నేను తోసినాను. తాగొచ్చి మీదికొస్తే తోసినాను. చచ్చిపోతాడనుకోలేదు. నాకేం కథ ఉంది?”

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిర్దోషి కథ చెప్పి చెప్పి, చేసినదాన్ని మోస్తున్న ఆడదాన్ని ఇంకా దూరం నెట్టానే అనిపించింది.

మరుసటి శుక్రవారం మూసా అలైహిస్సలాంతో మొదలుపెట్టాను. ఇద్దరు కొట్టుకుంటుంటే ఆయన ఒకణ్ణి పిడికిలితో గుద్దారు, వాడు ప్రాణం వదిలాడు. నేను కాదని ఆయన తప్పించుకోలేదు. నాకు నేనే అన్యాయం చేసుకున్నానని ఒప్పుకుని క్షమించమని అడిగారు, అల్లా క్షమించాడు. ఖసస్ సూరాలో ఉందిది. ఊరు వదిలి మద్యన్ చేరి, నీడన కూర్చుని ఖాళీ చేతులతో దువా (ప్రార్థన) చేసింది కూడా ఆయనే. ఆ తర్వాతే ప్రవక్త అయ్యారు. ఆ రోజు ఆమె తల ఎత్తి విన్నది.

విని, “అల్లా క్షమిస్తాడు సరే. మా అత్త?” అనింది.

మా దీన్‌లో, అంటే మతంలో, అల్లా హక్కులు వేరు, మనుషుల హక్కులు వేరు. మనిషికి చేసిన అన్యాయం ఆ మనిషి దగ్గరే తేల్చుకోవాలి. కొడుకును పోగొట్టుకున్న తల్లి తరఫున మాఫీ ఇవ్వడానికి నేనెవర్ని? పైగా ఈమె బిడ్డ ఆ అత్త దగ్గరే పెరుగుతున్నాడు. ఆరేళ్లలోపు పిల్లలైతే జైల్లో తల్లితో ఉండొచ్చు, 2006లో సుప్రీంకోర్టు ఆ తీర్పిచ్చింది మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే. వీడికి ఎనిమిది. “నాకు తెలీదమ్మా, అడిగి చూడు” అన్నాను. జైలు ద్వారానే అత్తకు ఉత్తరం పంపింది. జవాబు రాలేదు.

తస్బీ దండ (జపమాల) లోపలికి తీసుకుపోను, వేలి కణుపుల మీదే లెక్కపెట్టడం నేర్పుతాను. ఆమె బొటనవేలు ఒక్కో కణుపు మీద ఆనించి అస్తగ్‌ఫిరుల్లా (అల్లా, నన్ను క్షమించు) అంటుంది, వేలికి మూడు. ఆకు రంగు చూసి చకచకా వేరుచేసిన వేళ్లవి. మరక ఎప్పుడో పోయింది.

రంజాన్‌లో బ్యారక్‌కు తాళమేసి లాకప్ చేశాకే ఇఫ్తార్ వేళ. లోపలికి అజాన్ వినబడదు. నేనిచ్చిన టైంటేబుల్‌ను అన్నం మెతుకులతో గోడకు అంటించుకున్నారు. రోజూ గడియారం చూసి “టైమైంది, తినండమ్మా” అని కేకేసేది ఒక హిందూ పెద్దామె.

రొట్టెల పండగొస్తే లోపలా అదే మాట. బారాషహీద్ దర్గాకు పోయి, స్వర్ణాల చెరువులో నా పేరుమీద విడుదల కోరిక రొట్టె పట్టుకో ఆపా అని అందరూ అడుగుతారు. రొట్టెల మీద మా పెద్దల్లో రెండు అభిప్రాయాలున్నాయి. ఆ వాదన నేను బ్యారక్‌లోకి తీసుకుపోను, అందరికీ సరేనంటాను.

ఆమె ఏ రొట్టే అడగలేదు. లాకప్‌కు వరసలో నిలబడ్డాక గొంతు తగ్గించి, “మా ఆయన కోసం దువా చెయ్యొచ్చా ఆపా? నేను చేస్తే చెల్లుతుందా?” అనింది.

“చెల్లుతుంది. చెయ్యి.”

అక్కడే, వరసలోనే, రెండు చేతులూ ఎత్తింది. వార్డరు ఆమె పేరు రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవకుండా ఆగింది.